అచ్చులో మిగిలిన సత్యభామ

ఈ స్వర్ణోత్సవ సంచిక అచ్చు పని మా ప్రెస్సుకే ఇవ్వాలని కార్యవర్గం నిర్ణయించినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మన బడిలో చదువుకుని, ఆటోనగర్‌లో లారీ షెడ్ల మధ్య నలభై ఏళ్లుగా బిల్లు పుస్తకాలూ స్టిక్కర్లూ ఫ్లెక్సీలూ వేసుకుంటున్నవాడిని. ఇంతకన్నా గౌరవం ఏముంటుంది? పనితోపాటే ఒక కవరు నిండా పాత ఫొటోలు కూడా వచ్చాయి. అందులో ఒకటి 1974 వార్షికోత్సవం నాటిది. వేదిక మీద ఏడుగురు పిల్లలు, పక్కన మన తెలుగు మాస్టారు. ఎడమ నుంచి మూడోది సత్యభామ. జరీ చీర, భుజం మీదుగా ముందుకు వేసుకున్న పొడవాటి జడ, నడుం మీద చెయ్యి. అది మన క్లాసులో రెండో బెంచీలో కూర్చునే కుర్రాడు.

ఆ ఫొటో చూడగానే సమావేశంలో ఒక మిత్రుడు ఒక మాట అన్నాడు. ఆ సత్యభామ ఇప్పుడు మనవలున్న పెద్దమనిషి, ఊళ్లో పరువుగా బతుకుతున్నవాడు, చీరకట్టులో ఉన్న ఫొటో వేస్తే చిన్నబుచ్చుకుంటాడేమో, ఆ మేరకు కత్తిరించి వేస్తే బాగుంటుందన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కత్తిరించడం నాకు రెండు నిమిషాల పని. అయినా చెయ్యి ఆడలేదు. నాకు కొన్ని పేజీలు ఇవ్వండి, ఒక మహానుభావుడి గురించి రాస్తాను, అది చదివాక కత్తిరించాలో వద్దో మీరే చెప్పండి అని అడిగాను. ఆ పేజీలే ఇవి. ఆ మహానుభావుడు పద్మశ్రీ స్థానం నరసింహారావు గారు.

ఆయన పేరు నేను మొదట విన్నది ఒక చెక్క దిమ్మ వల్ల. మా నాన్న వన్‌టౌన్‌లో ట్రెడిల్ మిషను మీద నాటకాల కరపత్రాలు అచ్చువేసేవారు. ఆ రోజుల్లో ఫొటో అచ్చు కావాలంటే బ్లాకు కావాలి. ఇప్పటి పిల్లలకు తెలియదు కనుక చెబుతున్నాను. ఫొటోను సన్నని చుక్కలుగా మార్చి, జింకు రేకు మీద ఆమ్లంతో తినిపించి, ఆ రేకును చెక్క దిమ్మ మీద మేకులతో బిగించేవారు. టైపు ఎంత ఎత్తో దిమ్మా అంతే ఎత్తు ఉండాలి. అలాంటి దిమ్మ ఒకటి మా ప్రెస్సులో ఉండిపోయింది. దాని మీద నగలు పెట్టుకున్న ఒక స్త్రీ ముఖం. ఎవరీవిడ అని అడిగితే, ఆవిడ కాదు, ఆయన అన్నారు మా నాన్న. మా నాయనమ్మ మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు. మగవాడికి ఆ చూపు ఎక్కణ్ణుంచి వస్తుందని ఆవిడ వాదన.

నరసింహారావు గారు 1902 సెప్టెంబర్ 23న బాపట్లలో పుట్టారు. మన కృష్ణా డెల్టా పడమటి చివర, సముద్రానికి దగ్గరలో ఉన్న ఊరు. ఆయన నాటకాల్లోకి రావడం ముందుగా అనుకుని జరిగింది కాదు. 1920లో ఒకరోజు బాపట్లలో హరిశ్చంద్ర నాటకం వేస్తున్నారు. చంద్రమతి వేషం వేయవలసిన నటుడు రాలేదు. నాటకం ఆగిపోయే పరిస్థితి. ఆ లోటు తీర్చడానికి పద్దెనిమిదేళ్లు నిండీ నిండని ఈ కుర్రవాడు చీర కట్టుకుని వేదిక ఎక్కాడు. ఒక్క రాత్రికి అనుకున్న వేషం నాలుగు దశాబ్దాలు నడిచింది.

ఆ తర్వాత ఆయన తెనాలిలోని శ్రీరామ విలాస సభలో చేరారు. తెనాలి అప్పటికే నాటకాల పట్నం. అక్కడే ఆయన చేయి తిరిగింది. ముత్తరాజు సుబ్బారావు గారి శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ, సారంగధరలో చిత్రాంగి, కొప్పరపు సుబ్బారావు గారి రోషనారలో టైటిల్ పాత్ర, విప్రనారాయణలో దేవదేవి, గురజాడ వారి కన్యాశుల్కంలో మధురవాణి, ఇవన్నీ ఆయన వేషాలే.

ఈ ఐదు పేర్లను ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. సత్యభామ భర్త తనవాడేనన్న ధీమా గల పట్టపురాణి. చిత్రాంగి సవతి కొడుకు మీద మనసుపడి, కాదన్నందుకు అతణ్ణి నాశనం చేసే రాణి. రోషనార మొగలు రాకుమారి. దేవదేవి పందెం కట్టి ఒక భక్తుణ్ణి లొంగదీసే వేశ్య. మధురవాణి కూడా వేశ్యే, కానీ విజయనగరంలో అందరికన్నా తెలివైనది, అందరికన్నా మనసున్నది. చీర కట్టి, గొంతు సన్నం చేసి, నడుం ఊపితే ఈ ఐదుగురూ ఒక్కరే అయిపోతారు. ఆయన చేతిలో ఐదుగురూ ఐదుగురుగానే ఉండేవారని చూసినవాళ్లంతా చెప్పేవారు. మాట, నడక, కట్టు, అలంకరణ, అన్నీ పాత్రను బట్టి మారేవి. స్త్రీని అనుకరించడం వేరు, ఒక ఫలానా స్త్రీ అయిపోవడం వేరు. ఆయన చేసింది రెండోది.

మగవాళ్లు ఆడవేషం కట్టడం మన డెల్టాకు కొత్త కాదు. దివిసీమకు వెళ్లే దారిలో మొవ్వ దగ్గర కూచిపూడి ఉంది. సిద్ధేంద్ర యోగి పేరు మీద నడిచిన భామాకలాపంలో తరతరాలుగా మగవాళ్లే సత్యభామ జడ వేసుకున్నారు. మన కాలంలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ఆ జడ పరువు నిలిపారు. మహారాష్ట్రలో బాలగంధర్వ ఇదే పని చేసి పేరు పొందారు. స్థానం వారు ఆ దారిలో వచ్చినవారే, కాకపోతే నృత్యంతో కాక మాటతోనూ పాటతోనూ నాటకంలో నిలబడ్డారు.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. ఈ పద్ధతి అందరికీ నచ్చలేదు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని బళ్లారి రాఘవ గారు గట్టిగా నమ్మారు, చదువుకున్న స్త్రీలను రంగస్థలం మీదికి తెచ్చారు. సురభి వారి నాటకాల్లో కుటుంబంలోని స్త్రీలే వేషాలు కట్టేవారు. కాలం రాఘవ గారి మాటే నెగ్గించింది, అది న్యాయమే. ఆడవాళ్లను వేదిక ఎక్కనివ్వని రోజులు మళ్లీ రావాలని నేను కోరను. కానీ ఆ రోజుల్లో ఆ ఖాళీలో నిలబడ్డ మనిషి దాన్ని ఎగతాళికి వాడుకోలేదు. ఇవాళ టీవీలో మగవాడు చీర కడితే నవ్వించడానికే. స్థానం వారు చీర కడితే జనం నవ్వలేదు, సత్యభామ అలిగితే కంగారుపడ్డారు. ఆయన గొప్ప అక్కడుంది.

సత్యభామ పాత్రకు ఆయన చేసిన మేలు ఇంకొకటి ఉంది. తులాభారం నాటకంలో కృష్ణుడు తన ఆనతి దాటలేడని సత్య ధీమాగా పాడుకునే పాట మీ అందరికీ తెలుసు. అది నాటకకర్త రాసింది కాదు. ఆ పాత్రకు అక్కడ ఒక పాట కావాలనిపించి స్థానం వారే స్వయంగా రాసుకున్నారు. 1966లో శ్రీకృష్ణ తులాభారం సినిమాగా వచ్చినప్పుడు ఆ పాటను పి. సుశీల గారు పాడారు, జమున గారు అభినయించారు. అక్కడి నుంచి అది రేడియోకు, క్యాసెట్లకు, పెళ్లిళ్ల బ్యాండు మేళాలకు, చివరికి మన బడి వార్షికోత్సవానికీ వచ్చింది. నేటికీ పిల్లలు డాన్సు పోటీల్లో దానికి అడుగులు వేస్తున్నారు. దాన్ని రాసినవాడు ఒక మగవాడనీ, తన వేషం కోసం రాసుకున్నాడనీ వాళ్లలో ఎందరికి తెలుసు? పాట మిగిలింది, చెయ్యి మరుగునపడింది.

అచ్చు వృత్తిలో ఉన్నవాడిని కనుక ఈ మాట దగ్గర నాకు జపాన్ గుర్తొస్తుంది. అక్కడి కబుకీ నాటకంలోనూ మగవాళ్లే ఆడవేషాలు వేస్తారు. 1629లో ప్రభుత్వం స్త్రీలను రంగస్థలం మీద నిషేధించడంతో మొదలైన పద్ధతి అది. అభిమానులు తమ నటుల బొమ్మలు కొనుక్కునేవారు. చిత్రకారుడు బొమ్మ గీసేవాడు, చెక్కేవాడు దాన్ని చెర్రీ చెక్క మీద చెక్కేవాడు, అచ్చువేసేవాడు ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క దిమ్మ పెట్టి కాగితం మీద రుద్దేవాడు, ప్రచురణకర్త అమ్మేవాడు. మన పెడనలో కలంకారీ అద్దకానికి టేకు దిమ్మలు చెక్కేవారిని చూసినవాళ్లకు ఆ పని తేలిగ్గా అర్థమవుతుంది. ఒక రంగు పక్కన ఇంకో రంగు వెంట్రుకవాసి తేడా లేకుండా పడాలి.

ఆ చిత్రకారుల్లో షరాకు అని ఒకాయన ఉన్నాడు. 1794, 1795 సంవత్సరాల్లో పది నెలలపాటు మాత్రమే బొమ్మలు వేసి మాయమైపోయాడు. మొదట వేసిన 28 పెద్ద ముఖచిత్రాల వెనక అభ్రకం పొడి కలిపిన నల్లని మెరుపు ఉంటుంది. ఆడవేషం కట్టిన నటుణ్ణి వేసేటప్పుడు ఆయన అందమైన ఆడపిల్ల బొమ్మ వేయలేదు. ఆ అలంకరణ కింద ఉన్న మగవాడి దవడనూ, ముక్కునూ, వయసునూ కూడా వేశాడు. వేషం, మనిషి, ఇద్దరూ ఒకే ముఖంలో కనిపిస్తారు. తర్వాతి కాలంలో ఆ బొమ్మలకు ప్రపంచమంతా గిరాకీ వచ్చింది. పాత దిమ్మలు లేవు కనుక కొత్త దిమ్మలు చెక్కి మళ్లీ మళ్లీ అచ్చువేశారు. మంచి పనివాళ్లు చేసినవి చూడముచ్చటగా ఉంటాయి. అయినా తేడా ఉంటుంది. పాత అచ్చులో గీత ఒకచోట సన్నబడి ఇంకోచోట బలుస్తుంది. నకలు చేసేవాడు గీత ఎక్కడుందో చూస్తాడు గానీ చెయ్యి ఎందుకు అక్కడ ఆగిందో అతనికి తెలియదు.

మా నాన్న దగ్గరున్న దిమ్మకూ అదే జరిగింది. వేలకొద్దీ కరపత్రాలు వేశాక జింకు చుక్కలు అరిగిపోయాయి. ముందు నగల మెరుపు పోయింది, తర్వాత కనుబొమలు పోయాయి, చివరికి ముఖం ఒక బూడిదరంగు మచ్చగా మిగిలింది. ఇప్పుడు ఆ దిమ్మ నా టేబుల్ మీద కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా ఉంది. దాన్ని చూపించి ఈయన ఎవరో చెబితే, మా కుర్రాళ్లు మర్యాదకు తలూపి పనిలో పడతారు.

1938లో స్థానం వారికి రంగూన్‌లో బంగారు కిరీటం పెట్టి సన్మానం చేశారు. ఆ రోజుల్లో కోస్తా జిల్లాల నుంచి వేలాదిమంది బతుకుతెరువు కోసం ఓడలెక్కి రంగూన్ వెళ్లేవారు. రేవుల్లోనూ మిల్లుల్లోనూ పనిచేసే ఆ తెలుగువాళ్లకు నాటకం అంటే సొంత ఊరు నడిచి వచ్చినట్టే. అప్పుడు ఆ కిరీటం పెట్టింది ఒక మగవాడి తలమీదా, సత్యభామ తలమీదా అని అడిగితే, రెండు తలలూ ఒకటే అంటాను.

సినిమా ఆయనకు కలిసి రాలేదు. 1939లో రాధాకృష్ణ, ఆ తర్వాత సత్యభామ, ఆ రెండు చిత్రాలతోనే ఆగిపోయారు. కారణం ఊహించడం కష్టం కాదు. నాటకంలో జనం దూరంగా కూర్చుని, దీపాల వెలుగులో, తమ ఊహను కూడా కలుపుకుని చూస్తారు. కెమెరా ముఖం మీదికి వచ్చేస్తుంది. పైగా తెర మీద అప్పటికే నటీమణులు ఉన్నారు. ఆయన మళ్లీ రంగస్థలానికే వెళ్లారు. గ్రామఫోను రికార్డుల్లో గొంతు మిగిలింది, ఫొటోల్లో ఆకారం మిగిలింది, ఆ రెంటినీ కలిపి కదిలించిన మనిషిని చూడాలంటే ఆనాడు నాటకానికి వెళ్లి ఉండాల్సిందే.

1956లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఆయనకు అప్పుడు యాభై నాలుగో ఏడు. ఆడవేషాలు కట్టి బతికిన మనిషిని ఆ బతుకుకే దేశం గౌరవించింది. తన అనుభవాలను ఆయన నటస్థానం అనే పుస్తకంలో రాసిపెట్టారు. వేషం వెనక ఎంత ఆలోచన ఉందో ముందు తరాలకు తెలియాలంటే ఫొటోలు చాలవని ఆయనకు తెలుసనుకుంటాను. 1971 ఫిబ్రవరి 21న కన్నుమూశారు. అంటే మన ఫొటోలోని నాటకానికి మూడేళ్ల ముందు.

ఇక్కడే ఇంకొక సంగతి చెప్పాలి. మన బెజవాడ ఎస్.ఆర్.ఆర్. కాలేజీలో చదువుకునే రోజుల్లో ఎన్.టి. రామారావు గారు విశ్వనాథ సత్యనారాయణ గారి ప్రోత్సాహంతో నాగమ్మ అనే ఆడవేషం వేశారు. మీసం తీయనని పట్టుబట్టి మీసంతోనే వేయడంతో మీసాల నాగమ్మ అని పేరు పడింది. అందరం నవ్వుకునే కథ. ఆయనే తర్వాత కృష్ణుడయ్యారు. ఆ కృష్ణుడి స్టిక్కర్లు లారీల అద్దాలకు, ఆటోల వెనక్కి నేను ఎన్ని వేలు కోసి ఇచ్చానో లెక్కలేదు. మీసం తీయనన్న కుర్రవాడి బొమ్మ ఊరంతా తిరుగుతోంది. మీసం తీసి జీవితమంతా సత్యభామగా నిలబడ్డ మనిషి బొమ్మ అడిగినవాడు ఈ నలభై ఏళ్లలో నా షాపుకు ఒక్కడూ రాలేదు. ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. నా కళ్లముందు జరిగినది చెబుతున్నాను.

ఇప్పుడు మన ఫొటో దగ్గరికి వస్తాను. మన తెలుగు మాస్టారు స్థానం వారి తులాభారం చూసినవారు. అది మగపిల్లల బడి కనుక సత్యభామకు ఒక కుర్రాడు కావాలి. మాస్టారు రెండో బెంచీ కుర్రాణ్ణి ఎంచుకుని, నెలరోజులు సాయంత్రాలు ఆపి, చీర కుచ్చిళ్లు ఎలా పట్టాలో, అలిగినప్పుడు మెడ ఎంతవరకు తిప్పాలో నేర్పారు. వార్షికోత్సవం రాత్రి అతను పాడుతుంటే మైదానం నిశ్శబ్దమైపోయింది. మర్నాటి నుంచి మేం ఊరుకోలేదు. సత్యభామా అని పిలిచాం, బల్లమీద జడ బొమ్మ గీశాం, ఇంటర్వెల్లో నడక అనుకరించాం. అందరికన్నా ముందున్నవాణ్ణి నేనే. అతను మళ్లీ ఏ నాటకంలోనూ వేషం కట్టలేదు. మాస్టారు అడిగితే పరీక్షలున్నాయన్నాడు. యాభై ఏళ్లు దాటాక ఇప్పుడు మళ్లీ కత్తెర పట్టుకుని ఆ పిల్లవాణ్ణి వేదిక మీంచి దింపేయమంటే నా చెయ్యి ఆడకపోవడానికి కారణం ఇదీ.

అతను చిన్నబుచ్చుకుంటాడని మనం అనుకున్నాం గానీ, అతన్ని ఎవరూ అడగలేదు. అందుకని నేనే ఫోన్ చేశాను. ముందు క్షమాపణ చెప్పాను. అతను పెద్దగా పట్టించుకోలేదు, లేక పట్టించుకోనట్టు మాట్లాడాడు. ఫొటో సంగతి చెప్పగానే మాత్రం గొంతు మారింది. అందులో జడ కనిపిస్తోందా అని అడిగాడు. కనిపిస్తోందన్నాను. ఆ జడకు కట్టిన జడగంటలు వాళ్ల అమ్మగారివట. ఆ రాత్రి ఆవిడ తన చేతులతో కట్టి పంపిందట. మరో రెండేళ్లకు అక్క పెళ్లి ఖర్చుకు వాటిని అమ్మేశారట. ఆవిడా ఇప్పుడు లేరు. ఫొటో మొత్తం వేయమన్నాడు, వీలైతే జడగంటలు స్పష్టంగా కనబడేలా చూడమన్నాడు.

ఆ ఫొటో బాగా వెలిసిపోయింది. మామూలుగా స్కాన్ చేసి వేస్తే జడ కొస నల్లగా కలిసిపోతోంది. రెండు రోజులు కూర్చుని, ముఖాల జోలికి పోకుండా, లేని గీతలు కల్పించకుండా, ఉన్న చుక్కల్నే నెమ్మదిగా పైకి తెచ్చాను. మూడు గంటలూ విడివిడిగా కనబడుతున్నాయి. ఈ సంచికలో ఆ ఒక్క ఫొటోకు ఆర్ట్ పేపరు వాడాను. దాని ఖర్చు సంఘం లెక్కలో రాయలేదు.

మిత్రులారా, గురువులారా, తర్వాతి పేజీలో ఆ ఫొటో ఉంది. ఏడుగురూ ఉన్నారు, మాస్టారు ఉన్నారు. కింద అందరి పేర్లతోపాటు వేషం పేరు కూడా వేశాను. ఎడమ నుంచి మూడోది సత్యభామ.